ఎండలో దుప్పటి

చచ్చిపోయినవాళ్ళ గొంతు బతికున్నవాళ్ళ నోట్లోంచి వస్తోందని ఎవరైనా మీతో చెబితే నవ్వకండమ్మా. నేను నవ్వాను. ముప్పై ఏళ్ళ నర్సమ్మ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక్కటీ ఒక ఎత్తు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు మా ఇంటికొచ్చి "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ఎంతమంది పిల్లల్ని భూమ్మీద పడేశానో, తుఫాన్లో పడవెక్కి టీకాలు ఎలా మోసుకెళ్ళానో చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక ఆడమనిషి ఒళ్ళు నొప్పుల సంగతి. ఇంతేనా అనుకుని లేచిపోయేవాళ్ళు ఇప్పుడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను. కూర్చున్నవాళ్ళు మాత్రం ఫోను పక్కన పెట్టండి.

ఉద్దానంలో సముద్రం వైపు ఒక సబ్‌సెంటరు నాది. పలాస నుంచి ఆటోలో వస్తుంటే ముందు జీడితోటలు, తర్వాత కొబ్బరి, తర్వాత ఒట్టి ఇసుక. నా కింద నాలుగు ఊళ్ళు. ఉద్దానం అనగానే మీకు ఏది గుర్తొస్తుందో నాకు తెలుసు. కిడ్నీ జబ్బు. అక్కడ బడికెళ్ళే పిల్లకి కూడా క్రియాటినిన్ అన్న మాట నోరు తిరుగుతుంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది అదే. పెద్దవాళ్ళు అంత పొడుగు మాట అనరు, "నంబరు" అంటారు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా కట్నం కన్నా ముందు "మీ ఇంట్లో నంబరు ఎవులికైనా ఉందేటి?" అని అడిగేవారు.

నా దగ్గర ఒక పొడుగు పుస్తకం ఉండేది. ఆఫీసు ఇచ్చింది కాదు, నేనే కాశీబుగ్గలో కొనుక్కుని స్కేలుతో గళ్ళు గీసుకున్నాను. పేరు, వయసు, నంబరు, ఎక్కడికి పంపాం, డయాలసిస్ ఎప్పుడు మొదలెట్టారు. చివరి గడి, పోయిన రోజు. నంబరు ఎక్కువ వచ్చిన పేరు ఎర్ర సిరాతో రాసేదాన్ని. ఎర్రగా రాసిన పేరు మళ్ళీ నల్లగా మారడం నేనెప్పుడూ చూళ్ళేదు. చూడను కూడా అనుకున్నాను.

ఆ పుస్తకంలో ఒకే ఇంట్లోంచి రెండు ఎర్ర పేర్లున్నాయి. మొదటిది పెద్దకోడలిది, ఆఖరి గడి కూడా నిండిపోయింది. ఆవిడ పోయాక పెద్దకొడుకు పిల్లల్ని తీసుకుని నందిగాం వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది అత్తగారు, చిన్నకోడలు, దాని నాలుగేళ్ళ కూతురు. చిన్నకొడుకు మూలపేటలో పోర్టు పనికి పోయేవాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి పడుకుని లేచి వెళ్ళేవాడు.

చిన్నకోడలు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే పని చేసేది. చురుకైన మనిషి. చేతులకి జీడి నూనె మచ్చలు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కెం. అలాంటిది పెద్దకోడలు పోయిన రెండేళ్ళకి ఒళ్ళు బరువెక్కి, నడక నెమ్మదించి, పని మానేసి ఇంట్లో కూర్చుంది. ఊళ్ళో రక్త పరీక్షల శిబిరం పెడితే నేనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఒకటికి అటూ ఇటూ ఉండాల్సిన నంబరు రెండుకి దగ్గరగా వచ్చింది.

ఒకసారి వచ్చిన నంబరు మళ్ళీ చూడాలి. మీకూ నేర్పుతారు, నాకూ నేర్పారు. కానీ రోజుకి అలాంటివి పది చూస్తుంటే చేతికి ఒక తొందర వస్తుంది. ఆ రోజే ఎర్ర సిరాతో రాసేశాను. కబురు చెప్పడానికి వెళితే అత్తగారు వాకిట్లో కొబ్బరాకులు అల్లుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"పెద్దదానికి లాగేనేటమ్మా?"

"అలాగే ఉంది పెద్దమ్మా. ఇంక జాగ్రత్తగా చూసుకోండి" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు కదా. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో ఏర్పాట్లు మొదలైపోయాయి. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఒక చావుని దగ్గరుండి సాగనంపింది కాబట్టి రెండోదానికి ఏ పని తర్వాత ఏ పనో ఆవిడకి తెలుసు, అంతే. పిల్ల అలవాటు పడాలని కోడలి చెల్లెల్ని తెచ్చి ఇంట్లో పెట్టింది. ఇంకో పని కూడా చేసింది. ఆ చుట్టుపక్కల కొన్ని ఇళ్ళల్లో అప్పుడు అదొక అలవాటైపోయింది: నంబరు తెలిసిన వారంలోనే, మొహం మరీ ఉబ్బకముందే, మనిషికి మంచి చీర కట్టి పలాస తీసుకెళ్ళి ఫొటో తీయించి ఫ్రేము కట్టించి దాచడం. పెద్దకోడలికి ఆ వేళకి ఏదీ దొరక్క ఆధారు కార్డులో ఫొటో పెద్దది చేయించారు, దయ్యంలా వచ్చింది. "దీనికైనా సరిగ్గా ఉండాలి గదమ్మా" అని నాతో అంది ఆ ముసలమ్మ. నేను తలూపాను. అవును, తలూపాను.

నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది పిక్కలు రాలే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం. సముద్రం మీంచి గాలి కూడా లేదు. తోటల్లో కాకి అరవట్లేదు. నాకు జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. దడి తలుపు తోసి చూద్దును కదా, వాకిట్లో నట్టెండలో పీట వేసుకుని చిన్నకోడలు కూర్చుంది. ఒంటి నిండా లావుపాటి దుప్పటి. నుదుటి మీద చెమట చుక్క లేదు.

"ఏమ్మా, ఎలా ఉన్నావు?" అన్నాను. పలకలేదు. నా వైపే చూస్తోంది.

"అన్నం తిన్నావా?"

"బాగానే ఉన్నాను" అంది.

ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. లావుగా, బొంగురుగా, నూతిలోంచి మగాడెవడో మాట్లాడినట్టుంది.

"పాప ఏదీ?"

"తిన్నాను."

"ఇంత ఎండలో దుప్పటెందుకే?"

"పాప సెల్లి కాడ ఉంది."

నేను అడిగిన ప్రతిదానికీ ముందడిగినదాని జవాబు వస్తోంది. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. లేచి వచ్చేస్తుంటే దడి దగ్గర వెనకనుంచి వినపడింది.

"సలేత్తంది."

వెనక్కి తిరక్కుండా బయటకొచ్చేశాను.

బయట జీడిచెట్టు కింద మా ఆశా కార్యకర్త నిలబడి ఉంది. ఆ పిల్ల లోపలికి రానంది. "ఇన్నారా మేడమ్? పెద్దకోడలు ఈయమ్మని పట్టీసింది. ఆ గొంతు అచ్చం ఆయమ్మదే. ఆ దుప్పటీ ఆయమ్మదే. ఆయమ్మ కూడా ఇలాగే ఎండలో కూకుండీది."

అప్పుడు నవ్వాను. "నిన్ను ఆశా అని పెట్టింది దయ్యాల లెక్క రాయడానికి కాదే. పద" అన్నాను. నవ్వింది భయం పోగొట్టుకోవడానికే లెండి, కానీ నవ్వితే నవ్వే.

నెలాఖరులో మా ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. రాయలసీమ వైపు పిల్ల, చదువు ముగించుకుని నేరుగా వచ్చింది. ఆమెకింకా ఉద్దానం కళ్ళు రాలేదు. మాకు వాచిన మొహం కనపడితే కిడ్నీ, నీరసం కనపడితే కిడ్నీ. ఆమెకి మనిషి కనపడేది. ఊళ్ళోకి వచ్చిన రోజు ఆ వాకిట్లో దుప్పటి చూసి "ఈవిడెవరు?" అంది. నేను నా పుస్తకం తెరిచి ఎర్ర పేరు చూపించాను. ఆమె పుస్తకం చూడలేదు, వంగి ఆ మనిషి మోకాలి కింద బొటనవేలితో గట్టిగా నొక్కింది. తీసింది.

"సిస్టర్, గుంట పడిందా?"

పడలేదు. కిడ్నీ వాపైతే వేలు నొక్కిన చోట గుంట పడాలి. ఆ కాళ్ళు నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారైనా నొక్కి చూడలేదు.

తర్వాత కనుబొమ్మలు చూసింది. చివర్లు ఊడిపోయి సగం సగమే ఉన్నాయి. పీట మీద మోకాళ్ళు వేయించి, సంచిలోంచి రబ్బరు సుత్తి తీసి మడమ పైన నరం మీద కొట్టింది. పాదం టక్కున కదిలింది. కదిలింది గానీ వెంటనే వెనక్కి రాలేదు. ఎవరో లోపలినుంచి పట్టుకుని, వదల్లేక వదల్లేక వదిలినట్టు మెల్లగా దిగింది. ఆఖరికి భుజం కింద కండ మీద వేలితో టప్‌మని ఒకటి కొట్టింది. ఆ కొట్టిన చోట కోడిగుడ్డంత గడ్డ లేచింది. లేచి అలాగే నిలబడింది. నేను మనసులో పది లెక్కపెట్టాక దిగింది.

చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మా, లోపలున్నాది లెగుత్తంది" అంది. నిజం చెప్పనా, నాకూ అలాగే అనిపించింది.

"లోపల ఎవరూ లేరమ్మా. థైరాయిడ్ గ్రంథి పడుకుంది. కండరాలకి కావల్సింది అందట్లేదు, బిగుసుకున్నది వదల్లేకపోతోంది" అంది డాక్టరమ్మ.

పలాసలో పరీక్షకి రక్తం ఇచ్చాం. ఐదు లోపు ఉండాల్సిన టీఎస్‌హెచ్ వంద దాటి ఉంది. డాక్టరమ్మ తక్కువ డోసులో మాత్ర మొదలుపెట్టి, నన్ను పక్కకి పిలిచి మూడు మాటలు చెప్పింది. థైరాయిడ్ మరీ పడిపోతే ఆ కిడ్నీ నంబరు కూడా కొంచెం పెరుగుతుంది, మాత్ర పనిచేస్తే దిగొచ్చు. కండరాలు అన్నిటికన్నా ఆఖర్న బాగవుతాయి, నెలలు పడుతుంది, నొప్పి ఉంటుంది. ఆ నొప్పికి ఎవరూ నొప్పుల మాత్రలూ సూదులూ ఇవ్వకుండా చూడాలి, కిడ్నీలకి మంచివి కావు, అందులోనూ ఈ ఊళ్ళల్లో. చెప్పిన నెలకే ఆమెకి పై చదువు సీటొచ్చి వెళ్ళిపోయింది. ఇక నేనూ, ఆ దుప్పటీ మిగిలాం.

మూడు వారాలకి గొంతు పల్చబడింది. అడిగినదానికే జవాబు వస్తోంది. ఒకరోజు నన్ను చూసి "నర్సమ్మా, నువ్వూ లావెక్కినావు, నీకూ సుత్తి ఎయ్యాల" అంది. ఎంత సంతోషం వేసిందో! మనిషి పాలిపోయి ఉంది కదా అని సంచిలోంచి ఎప్పటిలాగే ఐరన్ మాత్రల అట్టలు నాలుగు తీసి చేతిలో పెట్టి, "రోజుకొకటి" అని చెప్పి వచ్చాను. పుస్తకంలో ఎర్ర పేరు మాత్రం కొట్టెయ్యలేదు. చూద్దాంలే అనుకున్నాను.

తర్వాత నెలన్నరకి ఆ బాగవడం అంతా ఆగిపోయింది. తొడలు రోట్లో వేసి దంచినట్టు నొప్పి. కింద కూర్చుంటే లేవలేదు, తల దువ్వుకోడానికి చెయ్యెత్తలేదు. పొద్దున్నే కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుని పట్టేసేవి. గొంతు మళ్ళీ బొంగురుపోయింది. ఒకరోజు వెళ్ళేసరికి దుప్పటి మళ్ళీ భుజాల మీదకొచ్చేసింది. "దయ్యం మందుకి దిగింది, మళ్ళీ ఎక్కీసింది" అంది ఊరు. నేనేమో కండరాలు ఆఖర్న బాగవుతాయి కదా అని డాక్టరమ్మ మాటే వల్లెవేస్తున్నాను.

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. నన్ను కూర్చోమంది. నా మొహంలోకి చూసి అడిగింది.

"నర్సమ్మా, నువ్వు నన్ను సూత్తన్నావా?"

"చూస్తున్నాను కదే."

"మా ఇంటోళ్ళు సూడ్డం మానీసినారు. పక్కనుంచి ఎల్లిపోతారు. పాప సెల్లిని అమ్మా అంటంది. నా కోక సెల్లి కట్టుకుంది. అటు సూడు."

చూశాను. దాచిపెట్టిన ఫొటో బయటికొచ్చింది. పెద్దకోడలి ఫొటో పక్కన మేకుకి తగిలించి ఉంది. దండ లేదు, అంతే తేడా.

"నాను సచ్చిపోనానేటి నర్సమ్మా? ఎవులూ సెప్పట్లేదు. సచ్చిపోతే మరి కాళ్ళెందుకు నొత్తన్నాయి?"

ఆ మనిషి బతికున్నట్టు ఆ ఇంట్లో ఉన్న సాక్ష్యం ఆ నొప్పి ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది. పగటిపూట, ఎండలో, ఆ ఇంట్లో ఇంకాసేపు కూర్చుంటే నేను కూడా ఎవరికీ కనపడనేమో అన్నంత భయం వేసింది.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు మా ఆశా పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, ఆర్‌ఎంపీని పిలిపించినారు. నొప్పుల సూదంట. రోజూ ఏత్తాడంట, బేగి రండి."

వెళ్ళేసరికి అతను అప్పటికే సిరంజిలోకి మందు లాగి గాలి తీస్తున్నాడు. నేను గుమ్మంలోంచే అరిచాను. నా గొంతు సంగతి మా డిపార్టుమెంటులో అందరికీ తెలుసు. "దించు! కిడ్నీలు పాడైపోతాయని తెలీదా నీకు?"

అతను ఆగాడు. ఆగనిది అత్తగారు. లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. కోపం లేదు ఆవిడ మొహంలో, అలసట ఉంది.

"కిడ్నీ పోద్దంటన్నావు. అది పోయిందని నువ్వే కదమ్మా రాసినావు? నీ బుక్కులో ఎర్రగా ఉంది. ఎలాగూ ఉండనిదానికి నొప్పెందుకమ్మా? నొప్పి లేకండా పోనీ."

ఆ సిరంజి ఆపడానికి నా దగ్గర ఉన్న మాట ఒక్కటే, ఆ మాటని నేనే ఎర్ర సిరాతో చంపేశాను. రోజూ సూది పడితే నా అబద్ధం నిజమైపోతుంది. ఆ పిల్ల నిజంగానే నా పుస్తకంలో చివరి గడికి వెళ్ళిపోతుంది.

నేను చిన్నకోడలి పక్కన నేల మీద కూర్చున్నాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "ఏసుకుంటన్నాను. తెల్లారగానే, ఏటీ తినకండా. నువ్వు సెప్పినట్టే. రెండూ."

"రెండూ ఏంటే?"

తలగడ పక్కన రేకు డబ్బా చూపించింది. మూత తీశాను. తెల్ల మాత్రల సీసా. దాని పక్కన నా ఐరన్ మాత్రల ఆఖరి అట్ట, ఎర్రటిది, సగం ఖాళీ.

అమ్మాయిలూ, ఇది మీరు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయే సంగతి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర థైరాయిడ్ మాత్రతో కలిసి పొట్టలోకి వెళితే దాన్ని ఒంటికి పట్టనివ్వవు. కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. పాలిపోయిన ఆడమనిషి కనపడితే ఐరన్ అట్ట తీసి చేతిలో పెట్టడం మా చేతులకి అలవాటు. ఏ పూట వేసుకోవాలో చెప్పలేదు నేను. ఆ పిల్ల నా మీద నమ్మకంతో రెండూ కలిపి, పరగడుపునే, ఒక్కరోజు తప్పకుండా మింగింది.

సబ్‌సెంటరుకి వెళ్ళిపోయి రేపొచ్చి మెల్లగా సర్దవచ్చు. ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచను. కానీ సిరంజి ఇంకా అతని చేతిలోనే ఉంది. అందరి ముందూ చెప్పాను. "తప్పు మందుది కాదు పెద్దమ్మా, నాది. నేనిచ్చిన మాత్రే దాని మందుని చంపేసింది. అంతకు ముందు దాన్ని ఎర్రగా రాసింది కూడా తప్పే. ఒక్కసారి చూసి రాసేశాను." సంచిలోంచి పుస్తకం తీశాను. పెన్ను కనపడలేదు. ఆర్‌ఎంపీ వైపు చెయ్యి చాపి "నీ పెన్ను ఇలా ఇయ్యి" అన్నాను. బిత్తరపోయి ఇచ్చాడు. ఆవిడ చూస్తుండగా ఆ ఎర్ర పేరు మీద అడ్డంగా గీత గీశాను.

అత్తగారికి చదువు రాదు. గీత అర్థమైంది. ఆర్‌ఎంపీ వైపు తిరిగి "నువ్వెల్లు బాబూ" అంది. ఆ తొందరలో అతని పెన్ను నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత నలభై రోజులు తెల్లవారగానే ఆ ఇంటికి వెళ్ళాను. తెల్ల మాత్ర ఒక్కటే, మంచినీళ్ళతో. గంట దాకా టీ కూడా లేదు. ఐరన్ సాయంత్రానికి మార్చాను. టెక్కలి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించి డోసు సరిచేయించాను. నొప్పికి మాత్రం మేమే దిక్కు. అత్తగారికి కాపడం పని అప్పజెప్పాను. గుడ్డలో ఇసుక మూటగట్టి వేడి చేసి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు కోడలి తొడల మీద పెట్టేది. లేవగానే గోడకి చేతులానించి, మడమలు నేలకి ఆనేలా మెల్లగా సాగదీయించేదాన్ని. నేల మీద కూర్చోవద్దని ఎత్తుపీట చేయించాం. నడక మొదటి రోజు దడి దాకా. తర్వాత తోటలో మొదటి జీడిచెట్టు దాకా. మర్నాడు నొప్పి ఎక్కువుంటే చెట్టు పెంచేది లేదు, పడుకోబెట్టేదీ లేదు, అదే చెట్టు. "ఏటి నర్సమ్మా, నిన్నటి సెట్టేనా? ఇసుగేత్తంది" అని విసుక్కునేది. విసుగు రావడం ఎంత మంచి లక్షణమో మీకు చెప్పలేను. చచ్చినవాళ్ళకి విసుగు రాదు.

వారానికోసారి కండ మీద వేలితో కొట్టి లెక్కపెట్టేదాన్ని. గడ్డ పది దాకా ఉండేది ఏడుకి దిగింది. తర్వాత నాలుగు. ఒకరోజు కొడితే ఏమీ లేవలేదు. మళ్ళీ కొట్టాను. "నొప్పెడతంది, ఊరుకో!" అని కసిరింది, పాత గొంతుతో. ఆ కేకకి లోపల్నుంచి పాప "అమ్మా" అని పరిగెత్తుకొచ్చింది. ఆ మర్నాడు చెల్లెలు చీరలు ఉతికి మడతపెట్టి తన ఊరు వెళ్ళిపోయింది.

ఆరో నెలలో నంబరు అందరికీ ఉండేంతకి దిగింది. రెండోసారి కూడా చూపించాకే నమ్మాను, అప్పటికి నాకు బుద్ధొచ్చింది. పూర్తిగా నొప్పి పోవడానికి మరో మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఫ్యాక్టరీలో పిక్కలు కొయ్యదు, పప్పు ఏరే బల్ల దగ్గర కూర్చుంటుంది. మాత్ర వేసుకుంటూనే ఉంది. నా పుస్తకంలో స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను, "కోలుకున్నది" అని. అలాంటి గడి అంతకుముందు లేదని అప్పుడే గమనించాను. నేను రిటైరయ్యేదాకా అందులో ఉన్నది ఒక్క పేరే.

ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. తనే తెచ్చి ఇచ్చింది. "నీ కాడుంచు నర్సమ్మా. ఇంట్లో ఉంటే మా అత్త మరిసిపోయి ఏ పండక్కో దండ ఏసీగలదు" అని నవ్వింది. వచ్చినవాళ్ళు ఈ ఫొటో చూసి "ఎవరండీ, పాపం, ఎప్పుడు పోయారు?" అంటారు. పోలేదమ్మా, పలాసలో పప్పు ఏరుతోంది అంటాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. చాలామందికి ఇక్కడితోనే ఆపేస్తాను కూడా.

నంబరు దిగిన రోజు ఆ కబురు చెప్పడానికి ఆ ఇంటికి వెళ్ళాను. మళ్ళీ మధ్యాహ్నమే. చిన్నకోడలు నూతి దగ్గర గిన్నెలు తోముతోంది. అత్తగారు ఆ దుప్పటిని ఉతికి దడి మీద ఆరేసింది. ఎండకి దాని అంచులు పట్టి లాగుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నర్సమ్మా, ఒక మాట. కోపడకు. దీని గొంతు అలగ మారిపోడం, ఎండలో సలెయ్యడం, ఆ థైరాడు వల్లే గదా?"

"అవును పెద్దమ్మా."

"దయ్యం కాదు గదా?"

"కాదు."

ఆవిడ దుప్పటి మీద చెయ్యి వేసి నిమిరింది.

"పెద్దదీ ఇలాగే కూకుండీది. ఈ దుప్పటి దానిదే. దాని గొంతూ ఇలాగే అయిపోనాది, ఊరంతా ఇన్నాది." నా వైపు తిరిగింది. "దానికి కాలి మీద సుత్తేసి ఎవులైనా సూసినారేటమ్మా?"

ఎర్ర సిరాలో పెద్దకోడలి పేరు రాసిన రోజు కళ్ళముందుకొచ్చింది. ఆవిడకి కిడ్నీ జబ్బే అయ్యుండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. అది ఇంక ఎవరూ చెప్పలేరు. ఆ గొంతూ ఈ గొంతూ ఒకటేనని ఊరు ఊరంతా నాకు చెప్పింది. చెబితే నవ్వాను.

ఏదో మాట్లాడాలని టీ సంగతి అడిగాను, పాప బడి సంగతి అడిగాను. ఆవిడ మళ్ళీ దుప్పటి అంచులు సర్దుతోంది. నేను సంచి తీసుకుని లేచాను. వాకిలి దాటాను. దడి తలుపు దగ్గరికొచ్చి, ఆ దుప్పటి పక్కనుంచి బయటికి అడుగు పెట్టాక అప్పుడొచ్చింది నా నోట్లోంచి జవాబు, బొంగురుగా, నా గొంతులా లేకుండా.

"లేదు పెద్దమ్మా. ఎవరూ చూళ్ళేదు."